దుర్గ రాసిన కరువు

ఆ రోజు ఆ కంప్యూటర్‌కు వైరస్ రాలేదు. నేనే తుడిచేశాను.

ఇంత చిన్న మాట. దీన్ని గుండెల మీద బండరాయిలా పెట్టుకుని ఇన్నేళ్లు తిరిగాను. ఉద్యోగంలో చేరాను, పెళ్లి చేసుకున్నాను, నలుగురిలో పెద్దమనిషిలా కూర్చున్నాను. ఎక్కడా నోరు విప్పలేదు. మీకు చెప్తున్నాను, ఎందుకంటే మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనివ్వను. అది కూడా పిరికితనమే, ఒప్పుకుంటాను. కానీ దయచేసి జాలిపడకండి. ఇది రాస్తుంటే నాకు ఏడుపు రావడం లేదు. ఒళ్లు మండుతోంది. నా మీద మండుతోంది. నేనాడిన అబద్ధాన్ని ఒక్క ప్రశ్న కూడా వేయకుండా నమ్మేసిన వాళ్లందరి మీదా మండుతోంది. వాళ్ల మీద కోపగించుకునే హక్కు నాకు ఎక్కడిది? లేదు. అయినా వస్తోంది.

భాస్కర్, నేను రాజమండ్రిలో డిగ్రీ కలిసి చదువుకున్నాం. వాళ్ల ఇల్లు ధవళేశ్వరంలో. వాళ్ల నాన్నగారు కాలవల ఆఫీసులో గుమస్తా. ఆయన్ని నేను బాబాయ్ గారూ అని పిలిచేవాణ్ని. భాస్కర్ చదువు కోసం వాళ్లింట్లో కంప్యూటర్ కొన్నారు. ముందుగదిలో, దాని మీద వాళ్లమ్మగారు, నాకు పిన్నిగారు, కుట్టిన పూలగుడ్డ కప్పి ఉండేది. కాలేజీ అయ్యాక నేను మా ఇంటికి వెళ్లడం మానేసి తిన్నగా అక్కడికే వెళ్లేవాణ్ని. నాకూ ఒక కంచం పెట్టేవారు. ఆ ఇంట్లో నన్ను పరాయివాడిగా చూసినవాళ్లు లేరు. ఇది గుర్తుపెట్టుకోండి.

ఆ కంప్యూటర్లో మేం ఒక యుద్ధాల ఆట ఆడేవాళ్లం. ప్రపంచపటం మీద ఆడే ఆట. ఏదో ఒక రాజ్యం ఎంచుకుని, సైన్యాలు కూడగట్టి, పక్క రాజ్యాలతో పోరాడుతూ, పొత్తులు పెట్టుకుంటూ కొన్ని వందల ఏళ్లు ఏలాలి. విదేశాల్లో తయారైన ఆట, మా దాకా కాపీ సీడీలో వచ్చింది. అందులో పారిస్ చుట్టుపక్కల ప్రతి చిన్న ఊరికీ ఒక పేరుంది, ఒక జెండా ఉంది. మన కోస్తా మాత్రం గంజాం నుంచి నెల్లూరు దాకా ఒకటే ముక్క, ఒకటే రంగు. గోదావరి ఒక నీలం గీత. అది చూసి నాకు అరికాలిమంట నెత్తికెక్కేది. ఇంత నేల, ఇంతమంది రాజులు, ఇన్ని యుద్ధాలు, వాళ్లకు ఇది ఒక గీతేనా?

అయితే ఆ ఆట నియమాలన్నీ మామూలు ఫైళ్లలో ఉండేవి. నోట్‌ప్యాడ్‌లో తెరిచి మార్చుకోవచ్చు. మార్చడం మొదలుపెట్టాం. ఆ ఒక్క ముక్కను పగలగొట్టి రాజమండ్రి, పెద్దాపురం, మొగల్తూరు అని విడదీశాం. యానాంలో ఫ్రెంచివాళ్లను పెట్టాం, నరసాపురం రేవులో ఓడలు కట్టేవాళ్లను పెట్టాం. ఈస్టిండియా కుంపిణీ పటాలాలు, కోటలు, ఫిరంగులు, వీటన్నిటి లెక్కా నాది. పటం గీసింది నేను. మొదలుపెట్టింది నేను. ఆ 'నేను' అన్న మాట అప్పట్లో నాకు ఎంత తియ్యగా ఉండేదో! ఇప్పుడు నోట్లో వేపాకు నమిలినట్టుంది.

భాస్కర్‌కు దుర్గ అని ఒక చెల్లెలు. బీఏ చదువుతూ, రాజమండ్రిలోనే ఒక ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటర్ కోర్సు నేర్చుకునేది. మేం ఆడుతుంటే గుమ్మం దగ్గర నిలబడి చూసేది. చాలాకాలం ఏమీ మాట్లాడలేదు. ఒకరోజు నేను కుంపిణీ తరఫున పెద్ద పటాలాన్ని మొగల్తూరు మీదికి నడిపించి, కోట చుట్టూ దించి, వానాకాలం అంతా అక్కడే ఉంచాను. వెనక నుంచి అడిగింది.

"ఈ సైన్యం ఏం తింటోందండీ?"

నవ్వాను. "ఆటలో తిండి ఉండదమ్మా."

"మరి ఉండాలి కదండీ. అంతమంది నెలల తరబడి ఊళ్ల మీద పడుంటే రైతులు ఊరుకుంటారా? గింజలు దాచేసి, గొడ్లను తోలుకుని పక్క జమీందారీలోకి పోరూ? దున్నేవాడే లేకపోతే మీ కుంపిణీకి శిస్తు ఎవరు కడతారు?"

అలా వచ్చింది ఆ రూలు. భాస్కర్ ఎగిరి గంతేశాడు. "నువ్వే రాయవే" అన్నాడు. ఆమె రాసింది. లైబ్రరీలో జిల్లా చరిత్రలు తిరగేసి, పిన్నిగారి పుట్టింటివైపు ముసలివాళ్లను అడిగి తెలుసుకుని, మా ఫైళ్లు ఎలా రాయాలో నేను పదిమాటల్లో చెబితే పట్టేసుకుని రాసింది. సైన్యం ఎక్కడ దిగితే అక్కడి ధాన్యం తరుగుతుంది. కోతల ముందు దిగితే పంటే పోతుంది. రైతులు వలసపోతారు. మనుషులు లేని ఊళ్లో ఏటిగట్టుకు మట్టి వేసేవాళ్లు ఉండరు, కాబట్టి మరుసటి వరదకు గట్టు తెగుతుంది. శిస్తు పడిపోతుంది. జీతం అందని సిపాయిలు పారిపోతారు. ఒకదాని వెనక ఒకటి. ఆ ఫైలుకు ఆమె పెట్టిన పేరు 'కరువు'.

నిజం చెప్పనా? అది ఒకసారి చదివి, మళ్లీ మొదట్నుంచీ చదివాను. అంతవరకూ అది బొమ్మలాట. ఆ ఫైలు పెట్టాక పటం మీద రంగుల కింద మనుషులున్నారనిపించింది. నేను నెలల తరబడి ఫిరంగుల బరువులు లెక్కవేసి సాధించలేనిది, ఆ అమ్మాయి ఒక్క ప్రశ్నతో సాధించింది. నాకు తెలుసు. మొదటిరోజే తెలుసు. తెలియక చేసిన తప్పు కాదు నాది.

ఒక ఆదివారం కాలేజీ స్నేహితులు వచ్చారు. కొత్త ఆటను వాళ్ల ముందు ఆడి చూపిద్దామన్నాడు భాస్కర్. నేను కుంపిణీ, దుర్గ పెద్దాపురం. వంతులవారీగా కుర్చీ మారుతూ ఆడాం. నేను కోట వెనక కోట పట్టుకుంటూ పోయాను. ఆమె ఎక్కడా ఎదురు నిలబడలేదు. ధాన్యాన్ని వెనక్కి తరలించింది, రైతుల్ని ఏరు దాటించింది, ఊళ్లు నాకు వదిలేసింది. ఖాళీ ఊళ్లు. నేను గెలుస్తున్నాననుకుంటూ ఇంకా లోపలికి వెళ్లాను. వరద వచ్చింది. నా సిపాయిలు దళాలకు దళాలుగా మాయమైపోయారు. ఒక్క యుద్ధం కూడా జరగలేదు. నా జెండాలన్నీ పడిపోయాయి.

గదంతా నవ్వులు. ఒకడు నా వీపు మీద చరిచి అన్నాడు: "ఒరేయ్, కుంపిణీ దొరా! వంటింట్లోంచి వచ్చి నీ పటాలాన్ని పస్తులు పెట్టి చంపేసిందిరా ఆ అమ్మాయి!"

నేనూ నవ్వాను. దుర్గ నవ్వలేదు. "మీరు కోతలయ్యాక వచ్చుంటే నేను ఓడిపోయేదాన్నండి" అంది. నన్ను ఓదారుస్తూ. ఆ ఓదార్పే నన్ను కాల్చేసింది. వాళ్ల వెక్కిరింత ఆ సాయంత్రానికే మరిచిపోయాను. ఈ మాట మరవలేదు.

ఆ ఆట ఆడేవాళ్లు రాసుకునే వెబ్‌సైట్ ఒకటి ఉండేది. మేం నెట్ సెంటర్‌కు వెళ్లి, మా మార్పుల గురించి అందులో రాశాం. పూర్తయ్యాక ఫైళ్లు పెడతామన్నాం. ఏ దేశంవాడో ఒకాయన జవాబు రాశాడు. కోటలూ ఫిరంగులూ ఎవరైనా చేస్తారు, ఈ కరువు ఆలోచన ఎవరిదో వారికి నా నమస్కారం అని దాని సారాంశం. భాస్కర్ అది గట్టిగా చదివి, నెట్ సెంటర్లోనే నా భుజం పట్టుకుని ఊపేశాడు.

"చూశావా! పేర్లు వేసేటప్పుడు దుర్గ పేరు ముందు వేద్దాంరా. ఏమంటావ్?"

"తప్పకుండా" అన్నాను. ముఖం చెక్కుచెదరకుండా అన్నాను. ఎంత బాగా నటించానో!

తరవాతి వారంలో ఒక మధ్యాహ్నం. బాబాయ్ గారు ఆఫీసుకు వెళ్లారు. పిన్నిగారూ దుర్గా కడియంలో ఏదో పేరంటానికి వెళ్లారు. భాస్కర్ నన్ను ఇంట్లో కూర్చోబెట్టి, హాల్‌టికెట్ తెచ్చుకోవడానికి కాలేజీకి వెళ్లాడు. "నువ్వు కానిస్తూ ఉండరా" అన్నాడు. ఇంటి తాళాలు నా పక్కన బల్ల మీద పెట్టి వెళ్లాడు.

ముందు ఆ ఒక్క ఫైలే తుడిచేద్దామనుకున్నాను. తరవాత, అదొక్కటే పోతే అనుమానం వస్తుందనిపించింది. ఎంత తెలివి! ఫోల్డర్ మొత్తం తీసేశాను. నా పటం, నా కోటలు, నా ఫిరంగులు, అన్నీ. భాస్కర్ పరీక్షకు రాసుకున్న ప్రోగ్రాములు కూడా తీసేశాను, నమ్మకం కుదరాలని. రీసైకిల్ బిన్ ఖాళీ చేశాను. సొరుగులో మేం నకళ్లు దాచుకున్న ఫ్లాపీలు ఒక్కొక్కటీ పెట్టి ఫార్మాట్ చేశాను. అది గుడ్డి కోపంలో జరిగిందని మీకు చెప్పుకోవాలని ఉంది. కానీ ఫ్లాపీ ఫార్మాట్ కావడానికి కాస్త సమయం పడుతుంది. ఆ గరగర చప్పుడు వింటూ కూర్చోవాలి. కూర్చున్నాను. మధ్యలో లేచి వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చాను. ఆపడానికి నాకు కావలసినంత వ్యవధి ఉంది. అలా చేసేవాణ్ని కోపిష్టి అనరు. ఏమంటారో మీరే అనుకోండి.

భాస్కర్ వచ్చేసరికి తలపట్టుకుని కూర్చున్నాను.

"ఏమైందిరా?"

"అంతా పోయిందిరా. వైరస్ అనుకుంటా."

వాడు నన్ను పక్కకు లేపాడు. కుర్చీలో కూలబడి ఒక్కో ఫోల్డరూ తెరిచి చూశాడు. ఫ్లాపీలు చూశాడు. నకలు ఉందేమోనని పెట్టి చూస్తే అవీ తుడిచిపెట్టుకుపోయాయన్నాను. "ఎలా వచ్చిందిరా? నెట్ కూడా లేదు కదా మనకి" అన్నాడు.

ఇక్కడే. ఇక్కడ నేను "తెలీదు" అని ఊరుకుని ఉంటే నా నేరం ఒక దొంగపనితో ఆగేది. కానీ సీపీయూ మీద దుర్గ ఇన్‌స్టిట్యూట్ ఫ్లాపీ ఉంది. దానికి నీలంరంగు కాగితం అంటించి గుండ్రటి అక్షరాలతో తన పేరు రాసుకుంది. నేను దానివైపు చూసి, అడిగాను:

"బయటి ఫ్లాపీ ఏదన్నా పెట్టారా?"

అంతే. ఆమె పేరు నేను ఎత్తలేదు. ఎత్తే అవసరం రాలేదు.

సాయంత్రం బాబాయ్ గారు వచ్చారు. దుర్గను ముందుగదిలో నిలబెట్టారు. తల్లో పేరంటం పూలు ఇంకా వాడలేదు.

"ఆ దరిద్రాన్ని ఇన్‌స్టిట్యూట్ నుంచి మోసుకొచ్చావా? అన్నయ్య పరీక్షల ముందా?"

"నేను ప్రతిసారీ స్కాన్ చేశాకే పెడతాను నాన్నా." నావైపు తిరిగింది. "మీరు చూశారు కదండీ? మొన్న కూడా మీ ముందే చేశాను కదండీ?"

చూశాను. ప్రతిసారీ చూశాను. ఆ ఇంట్లో అంత శ్రద్ధగా స్కాన్ చేసేది ఆమె ఒక్కతే. భాస్కర్ నావైపు చూస్తున్నాడు. బాబాయ్ గారు చూస్తున్నారు. పిన్నిగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తున్నారు.

"చేసిందండి బాబాయ్ గారూ" అన్నాను. "కానీ కొన్ని వైరస్‌లు స్కాన్‌కు దొరకవండి. పాపం తనకేం తెలుస్తుంది."

పాపం అన్నాను. ఆ మాట వాడాను. ఇంకెవరైనా ఆ మాట అంటే ఇప్పటికీ నాకు కొట్టాలనిపిస్తుంది.

"చాలు నీ కోర్సు" అన్నారు బాబాయ్ గారు. "ఇంక దాని జోలికి వెళ్లకు. చదివే బీఏ చాలు." కోర్సుకు పంపడం ఆయనకు మొదటి నుంచీ ఇష్టం లేదు. ఒక సాకు కోసం చూస్తున్నారు, నేను ఇచ్చాను. నాకు ఆయన మీద ఇప్పటికీ కోపమే. ఎంత తొందరగా నమ్మారు! పద్దెనిమిదేళ్లు పెంచిన కూతురి మాట కంటే, తన ఇంట్లో తిన్న పరాయివాడి మాట ఆయనకు ఎక్కువైంది. ఎవరూ నన్ను అనుమానించి ఒక్క ప్రశ్న అడగలేదు. ఇంట్లో ఉన్నవాణ్ని నేనొక్కణ్నే. ఒక్కరంటే ఒక్కరికి ఆ ఆలోచన తట్టలేదు. నేను మగవాణ్నని, నాకు కంప్యూటర్ వచ్చని, నా పటం కూడా పోయింది కదా అని. అడిగి ఉంటే నేను నిజం చెప్పేవాణ్నా? లేదు. ఇంకో అబద్ధం ఆడేవాణ్ని. మరి వాళ్ల మీద ఈ కోపం ఎందుకు నాకు? నా పక్కన ఇంకెవరినైనా నిలబెట్టుకోవాలని కాదూ?

దుర్గ ఏడవలేదు. లోపలికి వెళ్లిపోయింది. భాస్కర్ ఆమెతో చాలా రోజులు మాట్లాడలేదు. నాతో మాత్రం ఎప్పటిలాగే మాట్లాడాడు.

ఇక్కడితో అయిపోతే బాగుండు. కాలేదు.

కొన్ని నెలలకు నాకు మళ్లీ ఆ ఆట గుర్తొచ్చింది. నెట్ సెంటర్లో కూర్చుని, పటం మళ్లీ గీశాను. కోటలు మళ్లీ పెట్టాను. ఆడి చూశాను. చచ్చిన శవంలా ఉంది. సైన్యాలు ఊళ్ల మీద నెలల తరబడి పడి ఉన్నా ఏమీ జరగదు. ఎవరూ ఆకలితో లేరు, ఎవరూ పారిపోరు. నాకే విసుగేసింది. అప్పుడు ఆ 'కరువు' ఫైలు మళ్లీ రాశాను. ఒక్క ముక్క మర్చిపోలేదు. దాని చేతిలో ఓడినవాణ్ని కదా, ఏది ఎక్కడ ఎలా కొడుతుందో నాకు తెలిసినంత ఎవరికి తెలుస్తుంది? ఎవరి పేరు పైన ఉండకూడదని అంతా తగలబెట్టానో, ఆమె ఆలోచనే తెచ్చి నా పేరుతో పెట్టుకున్నాను. వెబ్‌సైట్‌లో ఎక్కించాను. భాస్కర్‌కు చెబితే, "మళ్లీ మొదట్నుంచీ చేశావా? నీ ఓపికకు దండంరా" అన్నాడు. కరువు సంగతి వాడు అడగనూ లేదు, నేను చెప్పనూ లేదు. వాడికి అప్పటికే ఆట మీద మనసు విరిగిపోయింది.

జనం ఆడారు. మెచ్చుకున్నారు. ఆ మెప్పును పట్టుకునే హైదరాబాద్‌లో ఆటలు తయారుచేసే ఒక చిన్న కంపెనీకి ఇంటర్వ్యూకి వెళ్లాను. అక్కడి పెద్దాయన ఆ కరువు గురించే అడిగాడు. ఇంత లోతైన ఆలోచన ఎలా వచ్చిందన్నాడు.

"మాది గోదావరి జిల్లా అండి. మా నేల చరిత్ర చదువుతుంటే, సైన్యం ఏం తింటుందన్న ప్రశ్న వచ్చిందండి నాకు."

నాకు. నోరు తడబడలేదు. ఉద్యోగం వచ్చింది. ఆ జీతంతోనే ఈనాటికీ నా ఇల్లు నడుస్తోంది.

ఈమధ్య భాస్కర్ కాకినాడలో ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిచాడు. వెళ్లకుండా ఉండాల్సింది. వెళ్లాను. వరండాలో దుర్గ ఎదురైంది. తణుకులో ఉంటోంది, ఒక ప్రైవేటు స్కూల్లో పిల్లలకు సోషల్ చెబుతోంది. చేతిలో ప్రసాదం పళ్లెం. పలకరించింది. మీ ఉద్యోగం ఎలా ఉందండీ, పిల్లలు బాగున్నారా అని అడిగింది. నేను పారిపోవడానికి మాట వెతుక్కుంటుంటే, గొంతు తగ్గించి ఆమే అంది:

"మీకొకటి చెప్పాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నానండి. ఆ ఫ్లాపీ... అప్పుడు స్కాన్ చేశాననే గట్టిగా అన్నాను. తర్వాత ఆలోచిస్తే, ఆ ఒక్కరోజూ చేయలేదేమో అనిపిస్తుందండి. తొందరలో పెట్టేశానేమో. మీ కష్టమంతా నా వల్లే పోయింది. మా స్కూల్లో కంప్యూటర్లు పెట్టారు, నన్ను చెప్పమన్నారు. నాకు ముట్టుకోవాలంటే భయం. మళ్లీ ఏం పాడుచేస్తానో అని. వద్దన్నానండి." పళ్లెం ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. "ఏమీ అనుకోకండి. నన్ను క్షమించండి."

మీరు ఊహించగలరా? ఆమె తన జ్ఞాపకాన్నే నమ్మడం మానేసింది. నా అబద్ధాన్ని తన తలలోకి తీసుకుని, దానికి చోటివ్వడానికి తను చూసినదాన్ని చెరిపేసుకుంది. నేను తుడిచింది ఒక ఫోల్డరే అనుకున్నాను ఇన్నాళ్లూ.

ఆ వరండాలో ఇంకెవరూ లేరు. చెప్పడానికి అంతకంటే మంచి సమయం దేవుడు కూడా ఇవ్వలేడు. నోరు తెరిచాను. నా నోట్లోంచి వచ్చిన మాట ఇది:

"పర్లేదమ్మా. ఎప్పుడో వదిలేశాను. నువ్వు కూడా వదిలెయ్."

క్షమించాను! నేను, ఆమెను! ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "చాలా పెద్ద మనసండి మీది" అంది. పళ్లెం నా ముందుకు జాపింది. నేను ప్రసాదం తీసుకుని తిన్నాను.

హైదరాబాద్ బస్సులో దారి పొడుగునా పళ్లు నూరుకుంటూ కూర్చున్నాను. పక్కసీటాయన ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. ఇల్లు చేరినా, ఆఫీసులో కూర్చున్నా, 'పర్లేదమ్మా' అన్న నా గొంతే వినిపిస్తోంది. ఎంత మెత్తగా అన్నాను! ఆ మెత్తదనాన్ని పట్టుకుని చీల్చెయ్యాలనిపిస్తోంది.

దుర్గకు చెప్పాలి. తెలుసు. చెబుతానని మీకు మాట మాత్రం ఇవ్వను. నా మాటకు ఎంత విలువుందో ఇప్పుడు మీకు తెలుసు. చెబితే ఆమె ఏమంటుందో, భాస్కర్ ఏం చేస్తాడో, బాబాయ్ గారు ఈ వయసులో దాన్ని ఎలా తట్టుకుంటారో, ఇవన్నీ లెక్కవేసుకుంటూ ఇంకో పదేళ్లు గడిపేయగలను. అంత నేర్పు నాకుంది. అందుకే ముందు ఇక్కడ రాశాను. ఒకసారి పత్రికలో పడ్డాక, అది నా ఒక్కడి చేతిలో ఉండదు కదా.

మీరు నన్ను మన్నించనక్కర్లేదు. ఆ పని మీది కాదు. కానీ ఒకటి దాచకుండా చెప్పాలి. ఇదంతా రాసి కలం పక్కన పెట్టేసరికి, గుండెల్లో ఏదో వదులైనట్టుంది. ఊపిరి కొంచెం లోపలి దాకా వెళ్తోంది. ఇంత చేసినవాడికి ఈ పాటి సుఖం కూడా దక్కకూడదు. దక్కింది. అదీ ఒప్పుకుంటున్నాను.